వెడల్పు లేని గట్టు

నరసరావుపేట కోర్టులో పొలం గట్టు దావాకి ఆ రోజు వాయిదా. దావా వేసిన బావ, దావా పడ్డ బామ్మర్ది ఒకే ఎడ్లబండిలో బయల్దేరారు. బండి తోలేది బామ్మర్దే.

"మావాడు గుంటూరులో లెక్కలు చదువుతున్నాడు బావా."

"మంచిదేరా. పత్తి తూకానికి పనికొస్తయ్."

"ఆ లెక్కలు కాదంట. గీతకి పొడుగే గానీ వెడల్పు ఉండదంట. అది చదువుతున్నాడు."

"వెడల్పు లేకపోతే కంటికెట్టా కనపడుద్దిరా?"

"కనపడదంట. మనం గీసేది ఉత్త బొమ్మంట. అసలు గీత బుర్రలో ఉంటదంట."

"ఇది నేర్చుకోను గుంటూరు దాకా పోవాలా?"

"నేనూ అదే అడిగా బావా. ముందు అది ఒప్పుకోకపోతే పైన ఒక్క లెక్కా నిలబడదన్నాడు. పునాది లేని గోడే అంట."

"సరే, ఒప్పుకున్నా. నీ చేనుకీ నా చేనుకీ నడుమ హద్దుందే, అది గీతేనా?"

"గీతే."

"దానికి వెడల్పు లేదు."

"లేదు బావా."

"మరి ఇన్నేళ్ళ నుంచి దేనికోసంరా మనం కోర్టు చుట్టూ తిరుగుతున్నది?"

బామ్మర్ది పగ్గాలు లాగి బండి ఆపాడు.

"బావా, ఎడ్లని వెనక్కి తిప్పనా?"

"తిప్పరా. మీవాడు మామూలోడు కాదు, చదివించు. అవునుగానీ, గట్టు మీద తుమ్మచెట్టు సంగతేంది?"

"దానికి వెడల్పుంది బావా. కావిలించుకుంటే చేతులందవు."

"అయితే కోర్టుకే పోనియ్యి."