తోకతో పంపిన లింకు

గొళ్లెం పెట్టిన ముందుగది. మొగుడూ పెళ్లామూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“మళ్లీ చెప్పండి. మా అమ్మకి ఏం పంపారు?”

“లింకే. నిన్న వీడియో కాల్లో మన కర్టెన్లు చూసి, ఎక్కడ కొన్నారని అడిగారు కదా. పొద్దున్నే షాపు లింకు పంపాను.”

“దానికి ఇంత చెమటలెందుకు?”

“దానికి తోకుంది.”

“తోకేంటి?”

“లింకు చివర పొడుగ్గా ఉంటుందే, ప్రశ్నార్థకం దగ్గర్నుంచి. అది తీసేసి పంపాలట. నేను తోకతో సహా పంపాను.”

“పంపితే?”

“నొక్కగానే, నేను ఏమని వెతికానో ఆ మాటలు కూడా పైన కనపడతాయి.”

“ఏమని వెతికారు?”

“కర్టెన్లనే.”

“ఏవండీ.”

“మందం కర్టెన్లని.”

“ఏవండీ.”

“అత్తగారొచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేనట్టు కనపడే మందం కర్టెన్లు.”

“మా అమ్మ మీకేం ద్రోహం చేసిందండీ?”

“ఛ, బంగారంలాంటి మనిషి. కూర్చుంటే లేవరు, అంతే.”

“అంత పురాణం షాపువాడికి చెప్పాలా?”

“వివరంగా కొడితే సరైనవి చూపిస్తుందని నువ్వేగా అన్నావు.”

“నా మీదకి తోయకండి. అమ్మ చూసిందా?”

“తెలీగానే చెరిపేశాను. ఈలోపు చూశారో లేదో దేవుడికెరుక.”

“బెల్లు మోగింది.”

“కదలకు.”

“కదలకపోవడమేంటి? ఆ కొట్టే తీరు మా అమ్మదే.”

“అందుకే. ఏ మొహం పెట్టుకుని తలుపు తియ్యను?”

“మీ మొహం సరే, నేను ఏ మొహం పెట్టుకోను? కర్టెను వేసుందా?”

“నువ్వు కూడానా?”

“సిగ్గుతో చస్తున్నాను. వేసుందా, లేదా?”

“వేసే ఉంది. కాస్త మెల్లగా.”

“అమ్మాయీ, అల్లుడుగారూ, కర్టెన్లు బాగానే ఉన్నాయి కానీ మాటలు బయటికి వినపడుతున్నాయి.”

“అత్తయ్యగారూ, అది, ఆ లింకు, అసలు నేను...”

“చూశాను బాబూ. మీ మామయ్యగారు కూడా చూశారు.”

“అమ్మా, ఆయన తరఫున నేను...”

“తలుపు తియ్యవే, ఆ మందమేదో ఓసారి చేత్తో పట్టుకు చూసి పోతాను. నచ్చితే మేమూ ఆర్డరు పెట్టేస్తాం. మీరొచ్చి బెల్లు కొట్టినప్పుడల్లా ఈ వయసులో బాత్రూంలో నక్కి కూర్చోవడం మా వల్ల కావట్లేదు.”