పొడి తాగకుండానే పెరిగిన నానమ్మ

మధ్య గది గుమ్మం దగ్గర చెల్లి, నానమ్మ ఎత్తు కొలుచుకుంటున్నారు. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతూ అంతా విన్నాను.

“నానమ్మా, గీత పెట్టావా? పెరిగానా?”

“గంతులేస్తే గీత ఎలా పెట్టనే! ఇదిగో, వేసవిలో పెట్టిన గీతకి రెండు వేళ్లు పైన.”

“రెండు వేళ్లా! ఎత్తు పెంచే పొడి పనిచేసింది నానమ్మా! రేపు సారు నన్ను వాలీబాల్ జట్టులోకి తీసుకోకపోతే నన్నడుగు! అమ్మతో ఇంకో డబ్బా కొనిపిస్తా.”

“పొడి వల్లే పెరిగావని ఎలా తెలుసు? ఈ వయసు పిల్లలు ఊరికే పెరుగుతారు.”

“అయితే పొడి తాగనివాళ్లని కొలుద్దాం. నువ్వు రా. వేసవిలో నీకూ గీత పెట్టాంగా.”

“నాకా! నాది కుంగిపోయే వయసు తల్లీ.”

“కదలకు. నానమ్మా! నువ్వూ రెండు వేళ్లు పెరిగావు!”

“అమ్మో, పెరిగానా!”

“నిజం చెప్పు, నా పొడి దొంగతనంగా తాగావు కదూ?”

“ఛీ, ఆ చేదు ఎవరు తాగుతారే! ఆగాగు. మనం దేని మీద నిలబడ్డాం?”

“మొన్న నాన్న తెచ్చిన, కాళ్లు తుడుచుకునే మందపాటి పట్టా మీద... అయ్యో!”

“అది లాగేసి నిలబడు.”

“మళ్లీ పాత గీతే! వెంట్రుకవాసి కూడా పెరగలేదు. నవ్వకు నానమ్మా, నాకూ నవ్వొస్తోంది! రేపు ఎలా మరి?”

“ఇందాక గంతులేశావే, అలాగే ఎగిరి చూపించు. సారు కాదంటే నేనొచ్చి మాట్లాడతా.”

“మిగిలిన పొడి ఏం చేయను?”

“పొడి పారెయ్. డబ్బా బోర్లించి దాని మీద నిలబడు. జానెడు పెరగకపోతే నన్నడుగు!”