మూడో గడి

కదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? మెడ తిప్పావంటే దవడ గీత మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పటికే నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఈ గదిలో పొయ్యి రాజెయ్యొద్దన్నాడు ఆ మహానుభావుడు, రాష్ డాక్టరు. నీది మంచుదేశమట, చలి నీకు పడుతుందట. మరి నా సంగతో? నేను కోపెన్‌హాగెన్‌లో పుట్టినదాన్ని కదా.

నవ్వకు. నవ్వితే పళ్ళు కూడా గియ్యాలి.

నా మాట ఒక్క ముక్క నీకు అర్థం కాదు. అందుకే ఇంత ధైర్యంగా వాగుతున్నాను. మా ఆయన బతికున్నప్పుడూ వినేవాడు కాదు, పోయాక ఇంకేం వింటాడు?

ఓడవాళ్ళు నిన్ను గ్రీన్‌లాండ్ నుంచి ఎక్కించుకొచ్చినప్పుడు ఏం చెప్పారు నాయనా? రాజుగారిని చూపిస్తాం, వచ్చే వేసవికి ఇంటికి దిగబెడతాం, అంతేగా? రేవులో నువ్వు డాక్టరు ఎలా నడుస్తాడో అచ్చం అలాగే నడిచి చూపిస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నీ బుగ్గలు ఇలా లేవు.

డాక్టరు రాసేది ఉత్తరదేశపు జంతువుల పుస్తకం. బొమ్మలు నావి. ఒక్కో ప్రాణికి ఒక్కో పుట, పుటకి మూడు గడులు. మొదటిది ఎదుటి నుంచి, రెండోది పక్క నుంచి. ఎలుగుబంటికీ అంతే, సీలుకీ అంతే. తెల్లనక్కని ఇదిగో, నువ్వు కూర్చున్నచోటే కట్టేశారు. నా చేతిలోంచి రొట్టె తినేది. రెండు గడులూ అయ్యాక నాకు పని లేక ఊరికే కూర్చున్నాను, మూడోదాని కోసం.

మూడోదాంట్లో ఎముకలు గియ్యాలి.

నీ పుట మీద ఉకాలెక్ అని నీ పేరు రాయబోయాను. వద్దన్నాడు. "గ్రీన్‌లాండ్, మగది" అని రాయమన్నాడు.

ఊఁ, తిను, తిను. ఆ చేప నీకోసమే దాచి తెచ్చాను. నువ్వు చిక్కిపోతున్నకొద్దీ ఆయనకి ఎంత ఓర్పొస్తోందో గమనించావా? మొదట్లో తెగ తొందరపెట్టేవాడు. ఇప్పుడేమో "నిదానంగా కానివ్వు మారెన్, తొందరేముంది" అంటున్నాడు. నిన్న నీ మణికట్టు పట్టుకున్నాడే, నాడి చూస్తున్నాడనుకున్నావా? నాడి చూసేవాడు వేలు ఒకచోటే ఉంచుతాడయ్యా. ఆయన మోచేతిదాకా తడుముకుంటూ పోయాడు.

అడిగాను, అడక్కుండా లేను. "అయ్యా, ఇతను మనిషి కదా, ఇతనికి రెండు గడులు చాలవా" అన్నాను. కోప్పడలేదు. "పుస్తకమంతా ఒక్క తీరుగా ఉండాలి కదమ్మా" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో.

రేవుకీ వెళ్ళాను. మంచు విడవగానే ఉత్తరానికి పోయే మొదటి ఓడ ఉంది. దాని కెప్టెన్ కాళ్ళావేళ్ళా పడ్డాను. తీసుకెళ్తానన్నాడు, పాపం. కానీ దగ్గేవాణ్ణి మాత్రం ఎక్కించుకోడట, ఓడంతా అంటుకుంటుందని. అందుకే చెబుతున్నా, దగ్గకూడదు. ఇదిగో, ఇలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దిగమింగుకో. ఓడ. ఇల్లు. దగ్గొద్దు. తెలిసిందా?

తల ఊపుతున్నావు. నేనేమన్నా ఊపుతావు నువ్వు.

అయ్యో, మళ్ళీనా. ఇదిగో గుడ్డ, తుడుచుకో. ఆ గుడ్డ ఇటివ్వు, చూడకు దాన్ని. నేను ఉతుకుతాలే, ఎవరి కంటా పడకుండా.

నీకెలాగూ అర్థం కాదు కనక చెప్పేస్తున్నాను. నీకోసం ఏడుస్తూనే ఉన్నాను, అబద్ధం కాదు. అయినా ఇందాక నువ్వు దగ్గినప్పుడు నా చేతుల్ని చూశావా? వాటికి నేను చెప్పనేలేదు. వాటంతట అవే చాకు తీసుకుని పెన్సిలు చెక్కడం మొదలెట్టాయి.

ఎముకలకి సన్నటి మొన కావాలి మరి.