అన్నయ్య చెరిగిన డూప్లికేట్లు

సోమవారం సాయంత్రం నాలుగుంబావు. వాన. పొద్దుటి నుంచి ఒకే ధార.

బస్టాపు పక్కనే టీ కొట్టు. పైన కట్టిన నీలం పట్టా నీళ్ళతో నిండి కడుపులా వేలాడుతోంది. టీ కొట్టామె అప్పుడప్పుడు కర్రతో కింద నుంచి పొడిచి ఆ నీళ్ళు రోడ్డు మీదకి పారబోస్తోంది. నేను మా పాప కోసం నిలబడ్డాను. తొమ్మిదేళ్ళు దానికి. ఏడో నంబరు స్కూలు బస్సు. నాలుగూ ఇరవై అయిదుకి వస్తుంది.

బెంచీ మీద మా అన్నయ్య. పిల్లలు బస్సు ఎక్కినా దిగినా తల్లుల ఫోన్లకి కబురు పంపే యాప్ ఒకటుంది. అది చేసిన కంపెనీలోనే పదేళ్ళుగా అన్నయ్య ఉద్యోగం. రెండు నెలల కిందట ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్ళకీ ఇలాంటి యాపే ఉంది. నిన్న ఆదివారం రెండింటినీ కలిపి ఒకే కొత్త యాప్‌గా వదిలారు. ఇవాళ అన్నయ్యకి సెలవిచ్చారు. మేనకోడల్ని చూసి పోదామని వచ్చాడు. వినేవాళ్ళు దొరికారు, కూర్చుండిపోయాడు.

వినేవాళ్ళంటే పక్క కొట్టు టైలరు, మెడలో టేపుతో. రిటైరైన పోస్టుమాస్టరు గారు, మోకాళ్ళ మధ్య గొడుగుతో.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు" అని ఎత్తుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అలాగే ఎత్తుకుంటాడు.

"ఏదో చిన్న సాయం చేశానంతే. రెండు యాప్‌లు కలపాలి కదా, పెద్ద కంపెనీ వాళ్ళు కోట్లు తొడుక్కుని వచ్చి, ఆర్నెల్లు పడుతుంది అన్నారు, నేను ఓ మూల కూర్చుని గోళ్ళు చూసుకుంటూ, ఆర్నెల్లెందుకండీ, ఆరు వారాలు చాలు అన్నాను, గది గదంతా నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది సారూ?" అన్నాడు టైలరు.

"ఆరు వారాలూ మీటింగుల్లోనే తగలేశారు! చూస్తే ఆదివారం. తెల్లారితే బడి బస్సులు కదలాలి. చేతిలో ఒక్క పూట. మా పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, నాయనా, ఇక నువ్వే దిక్కు అన్నాడు, కళ్ళంట నీళ్ళు, అబద్ధమైతే నా నాలుక తెగిపోవాలి. ఏడవకండి సార్, ముందు కాఫీ చెప్పండి అన్నాను. కాఫీ వచ్చింది. అది చల్లారేలోపు సగం పని అయిపోయింది."

"పెద్ద గ్లాసేమో" అంది టీ కొట్టామె.

నేను ఫోన్ చూసుకున్నాను. కొత్త యాప్‌లో బస్సు బొమ్మ కదులుతోంది. నాలుగు నిమిషాల్లో వస్తుందని ఉంది.

"చేతి పని ఒక్కటే అయితే పరవాలేదు. మరి ఫోన్లో! మా వైపు కస్టమర్ సపోర్టులో ముప్ఫై ఎనిమిది మంది ఉండేవాళ్ళు. కంపెనీలు కలిసిన నెలకే అందరినీ ఇంటికి పంపేశారు. పెద్ద కంపెనీకి ఒక మెషీనుంది, అదే మాట్లాడుతుంది. సరిగ్గా ఆదివారం అది మూగబోయింది! ఎవరెత్తాలి? నేనే. కుడి చెవికో ఫోను, ఎడం చెవికో ఫోను, మూడోది గడ్డం కింద, చేతులేమో కీబోర్డు మీద. గంటకి నాలుగొందల కాల్స్. ఆఖరికి ఎంతవరకూ వచ్చిందంటే వాళ్ళు హలో అనేలోపే, మీ బస్సు బయల్దేరిందమ్మా, మీ వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు, నీళ్ళ సీసా బళ్ళోనే మర్చిపోయాడు అని చెప్పి పెట్టేస్తున్నా."

"ఆదివారం బడి బస్సులేంటి బాబూ?" అన్నారు పోస్టుమాస్టరు గారు.

"స్పెషల్ క్లాసులండీ! మీ కాలం కాదు ఇది."

టైలరు నవ్వు ఆపుకోలేక టీ కింద పోసుకున్నాడు.

నా ఫోన్ మోగింది. మీ పాప తన స్టాపులో క్షేమంగా దిగింది, సమయం 4.25 అని ఉంది.

స్టాపు వైపు చూశాను. పది అడుగుల దూరం. నీళ్ళు. ఎవరూ లేరు.

"అన్నయ్యా, దిగిందని వచ్చింది."

"చూశావా! సెకను తేడా లేదు. మా పనంటే అలా ఉంటుంది."

"బస్సే రాలేదు."

"వచ్చేస్తుందిలేవే. వాన కదా, కాస్త అటూ ఇటూ."

బడికి ఫోన్ చేశాను. మూడూ నలభైకే బయల్దేరిందమ్మా, యాప్‌లో చూసుకోండి అన్నారు. డ్రైవరు నంబరు తల్లులకివ్వరు. బండి నడుపుతుండగా అందరూ చేస్తారని. అది సపోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది. సపోర్టుకి చేశాను. మెషీను ఎత్తింది. ఒకటి నొక్కమంది, నొక్కాను. నాలుగు నొక్కమంది, నొక్కాను. మీ ఫిర్యాదు నమోదైంది, మూడు పనిదినాల్లో పరిష్కరిస్తాం అంది. నా కూతురికి ఒక టికెట్ నంబరు వచ్చింది.

నాలుగూ నలభై. ఇద్దరు తల్లులు మా వీధిలోంచి పరుగున వచ్చారు. వాళ్ళ ఫోన్లలోనూ దిగారనే ఉంది. ఇంటికి మాత్రం ఎవరూ చేరలేదు. ఒకావిడ కాళ్ళకి చెప్పుల్లేవు.

అన్నయ్య మమ్మల్ని చూశాడు. గొంతు పెంచాడు.

"అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు మీకు! రిలీజ్ బటన్ నొక్కానా, ఊరంతా ఒక్కసారి దీపాలు తగ్గి మళ్ళీ వెలిగాయి, సర్వర్ల గది కొలిమైపోయింది, ఇంజనీర్లు బయటికి పరిగెత్తారు, నేను తలుపు తీసి ఒక్క ఊదు ఊదాను, చల్లబడింది, ఆ గాలికి పక్క బిల్డింగులో కాగితాలు లేచిపోయాయి, కావాలంటే అక్కడి వాచ్‌మన్‌ని అడగండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల చూద్దును కదా, రెండు కంపెనీల బస్సులూ ఒకటే కుప్ప! డూప్లికేట్లు! పదకొండు వేలు! అందరూ తలలు పట్టుకున్నారు. నేను చేట పట్టుకున్నాను. వడ్లు చెరిగినట్టు చెరిగాను. తాలు తాలంతా ఎగిరిపోయింది, గింజ గింజంతా నిలిచింది. పదకొండు వేల బస్సులండీ, ఒక్క చేటతో!"

"డూప్లికేటంటే ఏంటి సారూ?" టైలరు అడిగాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఒకే నంబరు రెండు చోట్ల ఉండడం. మా దాంట్లో పన్నెండో నంబరు బస్సు ఉంది, వాళ్ళ దాంట్లోనూ పన్నెండో నంబరు ఉంది. ఒకటి అసలు, ఒకటి నకలు. వాళ్ళది ఉంచి మాది తీసేశాం. కొన్నవాడిదే కదా పెత్తనం."

పోస్టుమాస్టరు గారు గొడుగు పక్కన పెట్టారు.

"ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలతోనే గడిపాను బాబూ. ప్రతి వీధిలోనూ పన్నెండో నంబరు ఇల్లుంటుంది. ఒక ఇంటికి ఉత్తరమిచ్చి రెండో ఇంటిది ఏనాడూ చింపి పారెయ్యలేదు."

పట్టా మీద వాన చప్పుడు.

"మాది ఏడు, అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను పుట్టాక అలా చూడడం అదే మొదలు.

"ఇంకో ఏడుందా?" నేనే అడిగాను.

"ఉంది. ఊరికి అవతలి పక్క. వేరే బడి."

అయితే దిగిన పాప ఆ బడి పాప. ఎవరో తల్లి కూతురు ఇల్లు చేరింది. ఆ కబురు నాకొచ్చింది. నా కూతురి బస్సు ఎక్కడుందో చెప్పేది ఏదీ మిగల్లేదు.

చెప్పుల్లేని ఆవిడ అన్నయ్య ముందుకొచ్చింది. "మీరేనా తీసేసింది?"

"నేనేం తియ్యలేదమ్మా" అన్నాడు. చిన్న గొంతు. "తీసెయ్యమంటారా అని స్క్రీన్ అడిగింది. అవును అని నొక్కాను. ఒక్కసారే. నొక్కమని పైనుంచి రాసి పంపారు. సాయంత్రానికి రిలీజ్ అయిపోవాలన్నారు."

"మరి గంటకి నాలుగొందల ఫోన్లు?" టైలరు.

"మెషీనే ఎత్తింది. నేను ఒక్కటీ ఎత్తలేదు."

"డ్రైవరు నంబరు?" అన్నాను.

"బస్సు వివరాలున్న ఆ వరసలోనే ఉండేది. అదీ పోయింది."

టీ కొట్టామె స్టవ్ తగ్గించింది.

"సపోర్టులో ఒకావిడ ఉండేది" అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ. "డ్రైవర్లవీ ఆయాలవీ నంబర్లన్నీ సొంతంగా పుస్తకంలో రాసుకునేది. చివరి రోజున నా దగ్గరికొచ్చి చెప్పింది కూడా, నంబర్లు రెండేసి ఉన్నాయి, కలిపేటప్పుడు జాగ్రత్త అని. సరే సరే అన్నాను. నవ్వాను కూడా."

"ఆవిడకి చెయ్యి."

"ఏ మొహం పెట్టుకుని చెయ్యనే?"

"ఆ మొహమే పెట్టుకుని చెయ్యి."

చేశాడు. స్పీకరు పెట్టాడు. రెండో రింగుకే ఎత్తింది.

"మేడమ్, నేను..."

"గొంతు తెలుసు. ఏ బస్సు?"

"ఏడు."

"మన ఏడా, వాళ్ళ ఏడా?"

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. "మనది."

కాగితాలు తిప్పిన చప్పుడు. "అక్కడ తల్లులున్నారా? ఒకరికివ్వండి ఫోను."

నేను తీసుకున్నాను.

"అమ్మా, నిలబడే ఉన్నారా? కూర్చోండి. వాన పడితే ఆ డ్రైవరు ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి డబ్బాలో పెట్టేస్తాడు, ఎత్తడు. ఆయా నంబరు నా దగ్గరుంది. ఇంకో ఫోన్లోంచి చేస్తాను. మీరు లైన్లో ఉండండి."

కూర్చున్నాను. టీ కొట్టామె నా పక్కన కూర్చుంది. ఏడు నిమిషాలు. ఫోన్లో ఎవరో పసిపిల్ల ఏడుపు, ఆవిడ అడుగుల చప్పుడు.

"దొరికింది. రైలు వంతెన కింద నడుం లోతు నీళ్ళట. బస్సు నీళ్ళలోకి దిగలేదు, ఇవతల పెట్రోలు బంకులో ఆపేశారు. పిల్లలందరూ లోపలే ఉన్నారు. పై రోడ్డు చుట్టి వస్తారు. గంట పైనే పడుతుంది."

చెప్పుల్లేని ఆవిడ గుంజ పట్టుకుని ఏడ్చింది.

"మీకిప్పుడు వేరే ఉద్యోగం..." అన్నాను. ఏమనాలో తెలియక.

"లేదమ్మా. వెతుకుతున్నాను."

మిగతా పిల్లల తల్లులూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎదురు చూశాం. మధ్యలో నా ఫోన్ మళ్ళీ మోగింది. ఇవాళ్టి ప్రయాణానికి ఎన్ని స్టార్లిస్తారని కొత్త యాప్ అడిగింది. టైలరు తొంగి చూసి మొహం తిప్పుకున్నాడు.

అన్నయ్య పట్టా బయట నిలబడ్డాడు. గొడుగు లేదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆరూ పదికి బస్సు వచ్చింది. లైట్లేసుకుని, మెల్లగా. తలుపు దగ్గర ఆయా ఒక్కొక్కరి భుజం పట్టుకుని దింపింది. మా పాప అయిదోది. బూట్లు చేతిలో పట్టుకుంది. ఆకలేస్తోందమ్మా అంది. మామయ్యని చూసి నవ్వింది. అన్నయ్య నవ్వలేకపోయాడు.

"ఎంతమంది దిగారు?" ఫోన్లో ఆవిడ అడిగింది.

"తొమ్మిది" అన్నాడు అన్నయ్య.

అన్నయ్య చెప్పిన లెక్క. నేను మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే.

"బస్సులో ఇంకా ఆరుగురుండాలి" అంది ఆవిడ. "వాళ్ళూ దిగాలి కదా."

ఫోను పెట్టలేదు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్కడే ఉన్నాను. ప్రతి స్టాపులోనూ ఆయా ఆవిడకి చెప్పింది, ఆవిడ మాకు చెప్పింది. పదకొండు. పన్నెండు. చాలాసేపు ఏమీ లేదు. పద్నాలుగు.

ఏడూ అయిదుకి, పదిహేను.