బయలుదేరక ముందే దిగిన విమానం

సభను నడిపిస్తున్న ప్రధానోపాధ్యాయురాలు లక్ష్మీసుందరి గారికి, ఈ ఉక్కలో నాకు శాలువా కప్పి మరికాస్త ఉడికించిన పెద్దలకు, సాటి మాస్టార్లకు, పిల్లలకు నమస్కారం. ముప్పై ఏళ్ళు చోడవరంలో సోషల్ చెప్పి ఇవాళ రిటైరవుతున్న నన్ను ఇంతసేపూ పొగిడారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అది నేనే చెప్పుకుని వెళ్తాను. లెక్కల మాస్టారు బంగార్రాజు గారూ, తల దించుకోకండి, అందులో మీకూ వాటా ఉంది. (నవ్వులు)

కిందటి డిసెంబరులో తొమ్మిదో తరగతికి నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. టోక్యో నుంచి పసిఫిక్ మహాసముద్రం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎనిమిది వేల పైచిలుకు కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. టోక్యో గడియారం పదిహేడు గంటలు ముందుంటుంది. సాయంత్రం ఐదుకు ఎగిరిన విమానం అక్కడి టైము ప్రకారం ఎప్పుడు దిగుతుంది? ఝాన్సీ 'అదే రోజు ఉదయం తొమ్మిదిన్నరకు' అని రాసింది. నేను సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో 'బయలుదేరక ముందే దిగిందా?' అని రాశాను. ఆ సున్నాతో ఆ పిల్లకు ముప్పై నాలుగు వచ్చి ఒక్క మార్కుతో ఫెయిలైంది. పాసైనవాళ్ళకే విశాఖ విహారయాత్ర అని మన నియమం.

"మాస్టారూ, ఓపాలి లెక్క సూడండి. నేను సముద్రం ఎప్పుడూ సూళ్ళేదండి," అంది.

కూర్చోమన్నాను.

యాత్ర బస్సు వెళ్ళిపోయిన పొద్దున, స్టాఫ్‌రూములో బంగార్రాజు గారు ఆ పేపరు చూశారు. "మూర్తిగారూ, ఝాన్సీ గుంట రాసిందే రైటు. పదిహేడు తియ్యాలి, మీరు కలిపేసేరు," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఒక విమాన సంస్థకు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. "ఎంతమంది ప్రయాణికులు సార్?" అని అడిగింది అవతలి అమ్మాయి. "ఎవరూ లేరమ్మా, ఒక సున్నా ఉంది," అన్నారు ఈయన. ఆవిడ పాపం ఓపిగ్గా, అదే రోజు ఉదయమే దిగుతుందనీ, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ఇంకో గంటన్నర ఎక్కువనీ చెప్పింది. మన మాడుగుల బస్సూ ఆలస్యమే గాని, దానికి గాలి కారణం కాదు. (నవ్వులు)

ముప్పై ఏళ్ళుగా ఎంతమందిని తప్పుడు టైముకి దింపానో అనుకుంటూ ఆ పేపరు పట్టుకుని లేచాను.

ఝాన్సీని క్లాసులోంచి పిలిచి, బంగార్రాజు గారి బండి మీద ముగ్గురం బయలుదేరాం. ముందు వరుసలో కూర్చున్న ఎస్సై గారూ, ఈ ముక్క వినకండి. ఫోన్ చేస్తే, పిల్లలతో వెళ్తున్న మన హెడ్‌మేడమ్ గారు అనకాపల్లి దగ్గర బస్సు ఆపించారు. కాని, "ఫెయిలైన పిల్లని ఎలా ఎక్కించుకోమంటారండీ?" అన్నారు. బస్సు మెట్టు మీదే పేపరు పెట్టి, సున్నా కొట్టేసి నాలుగు వేశాను. పిల్లలందరూ చూస్తుండగా, "తప్పు నాది," అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి టోక్యో నుంచి వచ్చినంత సేపు పట్టింది.

ఝాన్సీ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే తల బయటికి పెట్టి, "మాస్టారూ, ఆరో ప్రశ్నకి రెండు మార్కులు ఎక్కువేసేసేరండి. అదీ దిద్దీండి," అంది.

డ్రైవరుగారితో, "తొందరగా పోనివ్వండి బాబూ," అన్నాను.

నన్ను దిద్దిన ఆ అమ్మాయికి, నన్ను ఇన్నాళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.