చీలమండ దగ్గరి రాయి

ఎముకల ప్రయోగశాల. సూదితో రాయి గీకుతున్న కోడలు. ఆమె వెనకే, కుర్చీ చూపించినా కూర్చోని మామగారు. బల్ల మీద, కాళ్లున్న కాలం నాటి తిమింగలం ఒకటి, ఇంకా సగం రాతిలోనే.

"చీలమండ దాకా వచ్చావా?"

"ఎక్కడండీ, పక్కటెముకల దగ్గరే ఉన్నాను."

"అవి పోయిన నెలే అయిపోయాయన్నావు."

"అయిపోయాయనే అనుకున్నాను మామయ్యగారూ. తిమింగలం కదా, తరగడం లేదు."

"మాట మార్చకు. చీలమండ..."

"అక్కడ రాయి మొండిది. అచ్చం మీ అబ్బాయే. ఎంత చెప్పినా కదలదు."

"కదలకపోతే కదపకు. అలా వదిలెయ్యమ్మా. నా పుస్తకం అచ్చుకి వెళ్లిపోయింది."

"తెలుసు. అత్తయ్యగారు అట్ట రంగు కూడా చెప్పారు."

"తిమింగలాలు తోడేలు లాంటి మాంసాహారి నుంచి వచ్చాయని ఉద్యోగంలో చేరినప్పటినుంచీ చెబుతున్నాను. పళ్లు చూసి చెప్పాను. పళ్లు అబద్ధమాడతాయా?"

"తిండిని బట్టి పళ్లు మారతాయని నాకు పాఠం చెప్పింది మీరే."

"పాఠం పాఠమే. ఇది నా బతుకు."

"జన్యువులు చూసేవాళ్లు కూడా ఎప్పటినుంచో నీటిగుర్రం చుట్టమే అంటున్నారు..."

"వాళ్లు ఏనాడైనా ఎముక ముట్టుకున్నారా? సరే, ఆ చీలమండ ఎముకకి రెండు చివరలా గిలకలాంటి నొక్కు ఉందనుకో..."

"ఉంటే మేకలు, జింకలు, నీటిగుర్రాల వంశమే. ఇంకెవరికీ అలా ఉండదు."

"ఉందా?"

"రాయి ఉంది."

"నేను ఎముక సంగతి అడుగుతున్నాను."

"ముందు కాసిని మంచినీళ్లు తాగండి."

"ఉందా, లేదా?"

"కోప్పడకండి మామయ్యగారూ. ఆ రాయి తీసేసి చాలా రోజులైంది. మీరు చూస్తున్నది ప్లాస్టర్. ఇసుక కలిపి నేనే పూశాను. పుస్తకం చేతికొచ్చి మీ ముచ్చట తీరేదాకా మీ కంట పడకూడదని."

"రంగు బాగా కుదిరింది."

"ఏంటీ?"

"మొన్న నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు గీకి చూశాను. మళ్లీ పూసేశాను. అంచు దగ్గర నాది కాస్త తెల్లబడింది."

"అంటే... నొక్కు చూశారా?"

"రెండు వైపులా."

"అన్నీ తెలిసి ఇంతసేపూ నన్నెందుకు అడిగారు?"

"ఒక్కసారైనా లేదంటావేమోనని, తల్లీ."