చీటీ మీది సంతకం

సమోసా పక్కన పెట్టు రమాకాంత్. పెట్టు అంటున్న గదా! ఇటు తిరిగి ఇదేందో చెప్పు.

కనవడ్తలేదా? గడ్డిపోస. ఫణీంద్ర కంప్యూటర్ల, ప్రాసెసర్ మీది కూలర్ రేకుల నడుమ ఇరికింది. ఆయన డబ్బ మూతకు మన దుకాణం స్టిక్కర్ నేను ఇప్పేదాక చినగనే లేదు. అంటే మనం మూసిన నాడే గడ్డి లోపట ఉన్నది. ఈ నారాయణగూడ సందుల, రెండో అంతస్తుల, గడ్డి యాడికెల్లి వచ్చింది?

నన్నేం చూస్తవ్? కిటికీ దిక్కు చూడు. గదికి చల్లగాలి కొట్టే ఆ పెద్ద కూలర్‌కు మూడు దిక్కుల ఏం గడ్డి ఉందో చూడు!

నేనేం నేర్పిన నీకు? ప్రాసెసర్ స్పీడు పెంచినంక దాని మీది కూలర్ ఆ వేడిని ఆపుతదా లేదా అని ఎట్ల చూడాలె? డబ్బ మూత పెట్టాలె. గదిల ఫ్యాన్ బంద్, కూలర్ బంద్. గంటసేపు స్టూల్ మీద కదలకుండ కూసోవాలె. పది నిమిషాలకోసారి వేడి ఎంతుందో గిరాకికిచ్చే చీటీ మీద రాయాలె. గిరాకి ఇంట్ల ఎండాకాలం ఎట్లుంటదో మన కాడ గట్లనే ఉండాలె. దీంట్ల పెద్ద చదువేముంది? పది పాసైనోణ్ణి, నాకే సమజైతది!

నువ్వేమో మూత తీసి, ఆ గాలి ముంగట పెట్టి, అరవై ఎనిమిది డిగ్రీలు అని రాసినవ్. ఇయ్యాల పొద్దుగాల నేను మూత పెట్టి చూసిన. పన్నెండే నిమిషాలు. తొంభై ఆరు దాటింది, టప్పున బందయింది.

ఫణీంద్ర చిక్కడపల్లిల పెండ్లి వీడియోలు చేస్తడు. మన చీటీ నమ్మి పని పెట్టుకున్నడు. వారంల మూడుసార్లు నడుమల బందయింది. మూడోసారికి హార్డ్ డిస్క్ పోయింది. కెమెర కార్డులు అప్పటికే ఇంకో పెండ్లికి వాడిండు. అశోక్ నగర్ పిల్లది ఆ పెండ్లి, సంయుక్త అని. తండ్రి అక్షింతలేసిండు, పదో నాడు పోయిండు. ఆయన మాట, ఆయన నడక... ఆ డిస్క్‌లనే ఉండె.

ఎందుకు చేసినవ్? ఏ కూలర్ కంపెనీ ఏజెంటన్న పైసలిచ్చి చెప్పిండా? జర గట్టిగ చెప్పు.

ఉక్కపోసిందా?

గంతేనా! చెమట పట్టిందని చేసినవా? ఇంకేదన్న ఆశకు చేసి ఉంటే తిట్టి ఊకుందు. దీన్ని ఏమనాలె నేను?

నిన్ను పనిల పెట్టుకున్నప్పుడే వీణ చెప్పింది. "మా తమ్ముడు ఒక్కతాన కూసోడు, ఆలోచించుకో" అన్నది. సొంత అక్క! నేను ఇనలే. బామ్మర్దివి, మనోడివి అనుకున్న. ఈ పదేండ్లల్ల మన చీటీ చూసి ఇది నిజమేనా అని అడిగినోడు లేడు, తెలుసా? నువ్వు మూత ఒక్కటే తీసిన అనుకుంటున్నవ్.

గట్ల చూడకు. "సంతకం నీదే గదా బావా" అంటున్నవ్. నోరు తెరవకున్నా ఇనవడ్తుంది.

నాదే. మార్చిల వంద ఖాళీ చీటీల మీద సంతకం చేసి నీ చేతిల పెట్టిన. మోకాళ్లు నొస్తున్నయ్ అన్న.

మోకాళ్లకేం కాలే.

నిరుడు మే నెలల గదే స్టూల్ మీద కూసున్న. చెమట కండ్లల్ల పడ్తుంది. నలభై నిమిషాలకు లేసిన. మిగిలిన ఇరవై నిమిషాలది అందాజగ రాసిన. ఒక్కసారే! ఆనాడు చూసిన ప్రాసెసర్ కూలర్ ఎవరింటికి పోయిందో, ఎట్లుందో, ఇయ్యాల్టి దాక అడగలే. గా దినం నుంచి ఆ స్టూల్ మీద కూసోవాల్నంటే సిగ్గయింది. గందుకే నీకు అప్పజెప్పిన.

పొద్దుగాల ఫణీంద్ర ఫోన్ చేసిండు. "అన్నా, చీటీ రాసిన నాడు మీరే కూసోని చూసిన్రు గదా?" అన్నడు. చూసిన అన్న.

మెట్ల మీద చప్పుడు. ఆయననే. లే, తలుపు తియ్యి. మిగిలిన చీటీలు ఇటియ్యి, ఆయన ముంగటనే చింపుత. నీ సంగతి ఏం చెప్పాల్నో తెలుసు నాకు.

నా సంగతే, యాడికెల్లి మొదలువెట్టాల్నో తెలుస్తలేదు.